చెవికి చేరే మాట: పాడ్‌కాస్ట్ నేర్పే పాఠాలు

పాడ్‌కాస్ట్ అంటే ఇంటర్నెట్ ద్వారా విడతలు విడతలుగా వెలువడే ధ్వని కార్యక్రమం. వినదలచినవారు దాన్ని తమ ఫోనులోకి తెచ్చుకుని, తీరిక దొరికినప్పుడు వింటారు. ప్రసార సమయం అంటూ ఉండదు. స్టేషను ఉండదు. తరంగాల కోసం ప్రభుత్వ అనుమతి అక్కర్లేదు. ఒక మైకు, ఒక కంప్యూటరు, చెప్పదగిన విషయం ఉంటే చాలు, ఎవరైనా మొదలుపెట్టవచ్చు.

2000 సంవత్సరం చివర్లో అమెరికాకు చెందిన డేవ్ వైనర్ వెబ్ ఫీడ్‌కు ధ్వని ఫైలును జతచేసే ఏర్పాటు చేశారు. 2003లో క్రిస్టఫర్ లైడన్ అనే పాత్రికేయుడు తాను చేసిన ఇంటర్వ్యూలను ఆ మార్గంలోనే శ్రోతలకు అందించారు. 2004లో ఆడమ్ కరీ వంటివారు ఆ ఫైళ్లు వాటంతట అవే ఐపాడ్‌లోకి చేరే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. 2005 జూన్‌లో ఆపిల్ సంస్థ తన ఐట్యూన్స్‌లో పాడ్‌కాస్ట్‌లకు చోటిచ్చింది. అక్కడి నుంచి ఇది ప్రపంచమంతా పాకింది. తెలుగులోనూ కథలు చదివి వినిపించే, రచయితలతో మాట్లాడించే హర్షణీయం వంటి పాడ్‌కాస్ట్‌లు వచ్చాయి. కాలిఫోర్నియాలో ఉంటూ కౌముది పత్రికను నడిపే కిరణ్ ప్రభ, సాహితీవేత్తల జీవితాలను ఒక్క గొంతుతో చెబుతూ ఎన్నో దేశాల తెలుగువారిని కూర్చోబెడుతున్నారు.

పాడ్‌కాస్ట్ శ్రోతకు మూడు లక్షణాలుంటాయి. మొదటిది, శ్రోత సాధారణంగా ఒంటరిగా వింటారు. చెవిలో ఇయర్‌ఫోను ఉంటుంది కాబట్టి గొంతు చాలా దగ్గరగా వినిపిస్తుంది. రెండోది, వింటూ మరో పని చేస్తుంటారు. వంట చేస్తూనో, నడుస్తూనో, బస్సులో ప్రయాణిస్తూనో వింటారు. మూడోది, ఇష్టమై వింటారు. తరగతిలో విద్యార్థి మధ్యలో లేచి వెళ్లలేడు. సభకు వచ్చినవారు మొహమాటానికైనా చివరిదాకా కూర్చుంటారు. పాడ్‌కాస్ట్ శ్రోతకు ఆ మొహమాటం లేదు. విసుగు పుట్టిన క్షణంలోనే ఆపేయవచ్చు. అందుకే ఈ మాధ్యమం వక్తకు కఠినమైన బడి. వినే మనిషి చెవినీ, సమయాన్నీ గౌరవించిన మాటే ఇక్కడ నిలుస్తుంది. పాడ్‌కాస్ట్ నేర్పే పాఠాలన్నీ ఈ ఒక్క సూత్రం నుంచే పుడతాయి.

మొదటి పాఠం: మాట్లాడవలసింది ఒక్కరితో. వేలమంది విన్నా, వినేటప్పుడు ఎవరికి వారే వింటారు. ఈ సంగతి రేడియో తొలినాళ్లలోనే బయటపడింది. బీబీసీలో 1927 నుంచి ప్రసంగాల విభాగానికి అధిపతిగా పనిచేసిన హిల్డా మాథెసన్, సభలో ఉపన్యసించినట్టు మైకు ముందు మాట్లాడితే మాట చేరదని గట్టిగా నమ్మారు. పెద్ద పెద్ద పండితుల చేత కూడా ప్రసంగాన్ని మాట్లాడే భాషలో తిరగరాయించారు, ముందే చదివించి సరిదిద్దారు.

అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ 1933 మార్చి 12న రేడియోలో చేసిన ప్రసంగం దీనికి గొప్ప ఉదాహరణ. అప్పటికి దేశంలోని బ్యాంకులన్నీ మూతపడి ఉన్నాయి. జనం దాచుకున్న డబ్బు ఏమవుతుందోనని భయపడుతున్నారు. రూజ్‌వెల్ట్ సుమారు 13 నిమిషాలు మాట్లాడారు. బ్యాంకులో వేసిన డబ్బు ఎక్కడికి వెళుతుంది, అందరూ ఒకేసారి అడిగితే బ్యాంకు ఎందుకు ఇవ్వలేదు, రేపటి నుంచి ఏం జరుగుతుంది అన్న మూడు విషయాలను సామాన్యుడికి అర్థమయ్యే మాటల్లో వివరించారు. మర్నాటి నుంచి బ్యాంకులు తెరుచుకున్నాయి. జనం డబ్బు తీసుకోవడానికి బదులు తిరిగి వేయడానికి వరుస కట్టారు. ఆయన మంత్రివర్గంలో పనిచేసిన ఫ్రాన్సెస్ పెర్కిన్స్, రూజ్‌వెల్ట్ మైకు ముందు కూర్చున్నప్పుడు ఇళ్లలో కూర్చుని వింటున్న మనుషులను కళ్లతో చూస్తున్నట్టే మాట్లాడేవారని తర్వాత రాశారు.

తెలుగు రేడియోకూ ఈ రహస్యం ముందే తెలుసు. మద్రాసు కేంద్రంలోనూ, ఆ తర్వాత హైదరాబాదులోనూ పిల్లల కార్యక్రమాలు నడిపిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులను పిల్లలు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అని పిలుచుకున్నారు. ఎన్నడూ చూడని మనుషులు గొంతు ద్వారానే ఇంటివాళ్లయ్యారు. 1956లో డొనాల్డ్ హోర్టన్, రిచర్డ్ వోల్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ అనుబంధాన్ని శాస్త్రీయంగా వర్ణించారు. రేడియోలో, టెలివిజన్‌లో క్రమం తప్పకుండా కనిపించే, వినిపించే వ్యక్తితో ప్రేక్షకులకు స్నేహం వంటి భావం ఏర్పడుతుందని, అది ఒకవైపు నుంచే సాగే సంబంధమని చెప్పారు. దానికి పారాసోషల్ అనే పేరు వాడారు. పాడ్‌కాస్ట్‌లో ఈ సాన్నిహిత్యం మరింత ఎక్కువ. కాబట్టి సంబోధన కూడా దానికి తగ్గట్టే ఉండాలి. జనసమూహాన్ని ఉద్దేశించి పలికే పిలుపులకంటే, ఎదురుగా కూర్చున్న పెద్దమనిషితో మాట్లాడేటప్పుడు వాడే ‘మీరు’ అన్న మాట ఎక్కువ పనిచేస్తుంది.

రెండో పాఠం: శ్రోతకు ఏం తెలుసో, ఏం తెలియదో ముందే ఆలోచించడం. విషయం బాగా తెలిసినవారికి, అది తెలియనివారి స్థితి ఊహకు అందదు. 1990లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎలిజబెత్ న్యూటన్ చేసిన ప్రయోగం దీన్ని స్పష్టంగా చూపింది. కొందరు అందరికీ తెలిసిన పాటల దరువును బల్లమీద వేళ్లతో వేయాలి. మరికొందరు ఆ దరువు విని పాట ఏదో చెప్పాలి. వినేవారు సగం పాటలైనా పోల్చుకుంటారని దరువు వేసినవారు అనుకున్నారు. తీరా చూస్తే 120 పాటల్లో పోల్చుకోగలిగినవి మూడే. కారణం సులువే. దరువు వేస్తున్నవారి మనసులో పాట మొత్తం మోగుతూ ఉంది. వినేవారికి మాత్రం టకటక చప్పుడే వినిపించింది.

వ్యవసాయ శాస్త్రవేత్త రైతుతో మాట్లాడినా, వైద్యుడు రోగితో మాట్లాడినా జరిగేది ఇదే. చెప్పేవారి మనసులో మోగే పాట వినేవారికి వినిపించదు. దీనికి మందు రెండు రకాలు. మొదటిది, విషయం తెలియని ఒక మనిషికి ముందుగా చెప్పి చూడడం. ఎక్కడ నుదురు ముడిపడిందో అక్కడ వివరణ చేర్చాలి. రెండోది, కార్యక్రమంలోనే శ్రోత తరఫున ప్రశ్నలు వేసే మనిషిని పెట్టుకోవడం. న్యూయార్క్ నుంచి వెలువడిన రేడియోల్యాబ్ కార్యక్రమంలో జాడ్ అబుమ్రాద్, రాబర్ట్ క్రుల్‌విచ్ ఒకరినొకరు ఆపుతూ, అడుగుతూ కఠినమైన సైన్సు విషయాలను సులభం చేశారు. బుర్రకథలో వంతలు చేసే పని కూడా ఇదే. కథకుడు చెప్పుకుపోతుంటే పక్కనున్న ఇద్దరు తందాన అందుకుంటారు, ఏమైందని అడుగుతారు, ఒకరు హాస్యం పలికిస్తారు, మరొకరు లోకం సంగతులు కలుపుతారు. షేక్ నాజర్ వంటి మహాకళాకారుల చేతిలో ఆ ప్రశ్నలు ప్రేక్షకుల మనసులో ఉన్న ప్రశ్నలే అయ్యేవి. వినేవారి సందేహాన్ని వారికంటే ముందే పలకగలిగిన కార్యక్రమం వారిని వదిలిపోనివ్వదు.

మూడో పాఠం: ప్రారంభం. శ్రోత ఉండాలా, వెళ్లాలా అన్నది మొదటి ఒకటి రెండు నిమిషాల్లోనే తేల్చుకుంటారు. ఆ విలువైన సమయాన్ని సుదీర్ఘమైన పరిచయాలకూ, కృతజ్ఞతలకూ, సంగీతానికీ ఖర్చు చేస్తే విషయం వచ్చేసరికి వినేవారుండరు. 2014 అక్టోబరులో అమెరికాలో మొదలైన సీరియల్ పాడ్‌కాస్ట్ దీన్ని బాగా అర్థం చేసుకుంది. బాల్టిమోర్‌లో 1999లో జరిగిన ఒక హత్యకేసును సారా కేనిగ్ వారానికో భాగంగా పరిశోధిస్తూ చెప్పారు. మొదటి భాగం ఆరంభంలోనే ఆమె శ్రోత ముందు ఒక చిన్న సమస్య ఉంచారు. ఒక మామూలు రోజున, ఫలానా గంటలో ఏం చేశామో వారాల తర్వాత ఎవరికైనా గుర్తుంటుందా? ఈ ప్రశ్న వినగానే శ్రోత తనను తాను పరీక్షించుకుంటారు. కేసులోకి అడుగుపెట్టకముందే అందులో భాగమైపోతారు. ఈ కార్యక్రమం, ప్రసార మాధ్యమాలకు ఇచ్చే పీబడీ పురస్కారం అందుకున్న మొదటి పాడ్‌కాస్ట్ అయింది.

కుతూహలం ఎలా పుడుతుందో జార్జ్ లోవెన్‌స్టైన్ అనే పరిశోధకుడు 1994లో వివరించారు. తెలిసినదానికీ, తెలుసుకోవాలనుకునేదానికీ మధ్య ఖాళీ ఉందని గుర్తించినప్పుడు మనిషిలో కుతూహలం కలుగుతుంది. ఏమీ తెలియనిచోట కుతూహలం ఉండదు. అంతా తెలిసినచోట కూడా ఉండదు. కాబట్టి మంచి ప్రారంభం కొంత చెబుతుంది, కొంత మిగులుస్తుంది. అయితే ఇక్కడొక నియమం ఉంది. మిగిల్చిన ప్రశ్నకు జవాబు తప్పక ఇవ్వాలి. ఊరించి, చివరికి ఏమీ చెప్పని కార్యక్రమాన్ని శ్రోత రెండోసారి నమ్మరు.

నాలుగో పాఠం: నిర్మాణం. చదివేవారికి పుటల మీద శీర్షికలు కనిపిస్తాయి, పేరాలు కనిపిస్తాయి. ఎక్కడున్నామో, ఇంకా ఎంత ఉందో తెలుస్తుంది. వినేవారికి ఆ దారి గుర్తులేవీ ఉండవు. వాటిని మాటలతోనే నాటాలి. ఒక విషయం ముగిసిందని చెప్పాలి, తర్వాతి విషయం ఏదో చెప్పాలి, ముఖ్యమైనదాన్ని వేరే మాటల్లో మరోసారి గుర్తుచేయాలి. రాతలో పునరుక్తి దోషం. చెవికి అది ఊతం.

1995లో షికాగోలో దిస్ అమెరికన్ లైఫ్ కార్యక్రమాన్ని ప్రారంభించిన ఐరా గ్లాస్, వినిపించే కథకు రెండు ముడిసరుకులు ఉంటాయని బోధించారు. ఒకటి, వరుసగా జరిగే సంఘటనలు. ఒకదాని తర్వాత ఒకటి జరుగుతుంటే తర్వాతేమిటన్న ఆసక్తి దానంతట అదే కలుగుతుంది. రెండోది, ఆ సంఘటనల అర్థమేమిటో ఆగి చెప్పే ఆలోచన. సంఘటనలు మాత్రమే ఉంటే కథ గాలికి పోతుంది. ఆలోచన మాత్రమే ఉంటే ఉపన్యాసమవుతుంది. రెండూ మారి మారి రావాలి. హరికథలో, పురాణ కాలక్షేపంలో కథను కాసేపు ఆపి ధర్మం చెప్పి మళ్లీ కథలోకి వెళ్లే పద్ధతి కూడా ఇదే నిర్మాణం మీద నిలిచింది.

నిడివి గురించి ఒక స్థిరమైన లెక్క లేదు. రోమన్ మార్స్ 2010లో ప్రారంభించిన 99 పర్సెంట్ ఇన్విజిబుల్, కట్టడాల వెనుక, వస్తువుల వెనుక ఉన్న ఆలోచనను మొదట్లో నాలుగైదు నిమిషాల్లో చెప్పేది. డాన్ కార్లిన్ తన హార్డ్‌కోర్ హిస్టరీలో మొదటి ప్రపంచ యుద్ధాన్ని ఆరు భాగాల్లో, మొత్తం 20 గంటలకు పైగా చెప్పారు. రెండింటినీ శ్రోతలు ఆదరించారు. విషయం కోరినంత నిడివి ఉండాలి, ఒక్క నిమిషం కూడా ఊరికే పోకూడదు. అందుకే రికార్డు చేసినదాన్ని కోయడం మాట్లాడడమంత ముఖ్యమైన పని. మాట్లాడినవారికి ముచ్చటగా తోచినా, కథను ముందుకు నడపని భాగాన్ని తీసేయాలి.

ఐదో పాఠం: చెవికి తగిన వాక్యం. తెలుగులో మాట్లాడేవారు దీన్ని ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. జరిగిందా, జరగలేదా అన్నది కూడా చివరనే తేలుతుంది. కర్తకూ క్రియకూ మధ్య విశేషణాలు పేర్చుకుంటూ పోతే, అన్నింటినీ శ్రోత మనసులో మోస్తూ వాక్యం ముగిసేదాకా ఎదురుచూడాలి. కళ్లతో చదివేవారు వెనక్కి వెళ్లి చూసుకోగలరు. వంట చేస్తూ వినేవారికి అది కుదరదు. అందువల్ల పొడవైన వాక్యాన్ని రెండు మూడు చిన్న వాక్యాలుగా విడగొట్టాలి. ఒక వాక్యంలో ఒకే సంగతి చెప్పాలి.

ఒకరి అభిప్రాయాన్ని ఉటంకించేటప్పుడు కూడా ఇదే చిక్కు వస్తుంది. పత్రికల్లో మాటలు ముందు వచ్చి, ‘అని మంత్రి అన్నారు’ అన్నది చివర వస్తుంది. వినేవారు అప్పటిదాకా ఆ మాటలు కార్యక్రమం చెబుతున్నవారివే అనుకుంటారు. కాబట్టి ఎవరన్నారో ముందు చెప్పాలి, ఏమన్నారో తర్వాత చెప్పాలి. పేర్ల విషయంలోనూ అంతే. పేరుకంటే ముందు ఆ మనిషి ఎవరో చెబితే, పేరు వచ్చేసరికి దాన్ని పెట్టుకునేందుకు మనసులో చోటు సిద్ధంగా ఉంటుంది.

అంకెలను వీలైనంత తగ్గించాలి. 48.7 శాతం అనడంకంటే దాదాపు సగం అనడం మేలు. తప్పనిసరైన అంకెను దాని అర్థంతో పాటు చెప్పాలి. ఒక వాక్యంలో రెండు అంకెలొస్తే రెండూ గుర్తుండవు. సమాసాలు, కాగితం మీద మాత్రమే బతికే ‘మరియు’, ‘యొక్క’ వంటి మాటలు చెవికి అడ్డు తగులుతాయి. గిడుగు రామమూర్తి జీవితమంతా పోరాడింది మాట్లాడే భాషకు రాతలో చోటు కోసం. మాటే ఆధారమైన మాధ్యమంలో తిరిగి కాగితపు భాషను మాట్లాడడం ఆ పోరాట ఫలాన్ని వదులుకోవడమే.

ప్రాంతీయ మాండలికం విషయంలో తెలంగాణ నుంచి ఒక వెలుగు కనిపిస్తుంది. జహీరాబాద్ దగ్గరి మాచునూరు గ్రామంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆధ్వర్యంలో 2008 అక్టోబరు 15న సంఘం రేడియో ప్రసారాలు ప్రారంభించింది. దాన్ని నడిపేవారు దళిత మహిళలు. జొన్నలు, సజ్జలు, విత్తనాలు, పండుగలు, ఆరోగ్యం, పాటలు అన్నీ ఆ ప్రాంతపు మాటలోనే వినిపిస్తాయి. ఆ ఊళ్లలో వినేవారికి గొంతు పరాయిది కాదు, మాట పరాయిది కాదు. తన యాసను దాచుకుని అలవాటు లేని భాషలో మాట్లాడే మనిషి గొంతులో బిగుతు వస్తుంది. సొంత మాటలో స్పష్టంగా పలికేవారిని మరో ప్రాంతంవారు కూడా ఇష్టంగా వింటారు.

ఆరో పాఠం: గొంతు, వేగం, మౌనం. మైకు ముందు చాలామంది తొందరపడతారు. రాసుకున్నది ముగించాలన్న ఆత్రం వినిపిస్తుంది. ముఖ్యమైన సంగతి చెప్పిన తర్వాత ఒక క్షణం ఆగితే, అది శ్రోత మనసులో కుదురుకునే వీలుంటుంది. వేగం అంతటా ఒకేలా ఉండకూడదు. తేలిక విషయం దగ్గర చురుగ్గా సాగి, కఠినమైన విషయం దగ్గర నెమ్మదించాలి. రాసుకున్నదాన్ని చదివినా, చదువుతున్నట్టు అనిపించకూడదు. అందుకు ఉపాయం ఒక్కటే: రాసేటప్పుడే పైకి పలుకుతూ రాయడం. నోరు తిరగని చోట వాక్యం మార్చాలి. ఊపిరి చాలని చోట వాక్యం విరవాలి. మాట్లాడేటప్పుడు ముఖంలో చిరునవ్వు ఉంటే పెదవులు విప్పారి గొంతు ధ్వని మారుతుంది. వినేవారు ఆ తేడాను చూడకుండానే పసిగడతారు. ప్రముఖ వ్యాఖ్యాతలను అనుకరించే గొంతు ఎక్కువకాలం నిలవదు. వారం వారం వినే శ్రోతకు అసలు గొంతు ఏదో తెలిసిపోతుంది.

ఏడో పాఠం: శబ్ద నాణ్యత. దీన్ని యంత్రాలకు సంబంధించిన చిన్న విషయంగా చూడడం పొరపాటు. ఎరిన్ న్యూమన్, నార్బర్ట్ ష్వార్జ్ అనే పరిశోధకులు 2018లో ఒక అధ్యయనం ప్రచురించారు. శాస్త్రవేత్తల ప్రసంగాలనూ, రేడియో ఇంటర్వ్యూలనూ కొందరికి మంచి శబ్దంతో, మరికొందరికి చెడిన శబ్దంతో వినిపించారు. మాటలు అవే, మనుషులు వారే. అయినా శబ్దం బాగాలేనప్పుడు ఆ పరిశోధన విలువ తక్కువదనీ, ఆ శాస్త్రవేత్త ప్రతిభ తక్కువదనీ విన్నవారు అంచనా వేశారు. వినడానికి పడిన శ్రమను శ్రోత తెలియకుండానే విషయం మీదికి నెట్టేస్తారు.

మంచి శబ్దానికి ఖరీదైన స్టూడియో తప్పనిసరి కాదు. గట్టి గోడలున్న ఖాళీ గదిలో ప్రతిధ్వని వస్తుంది. పరుపు, కర్టెన్లు, బట్టలు, పుస్తకాలున్న గదిలో అది తగ్గుతుంది. ఫ్యాను, ఏసీ, ఫ్రిజ్ ఆపి రికార్డు చేయాలి. మైకు నోటికి సుమారు 10 నుంచి 15 సెంటీమీటర్ల దూరంలో ఉంటే గొంతు నిండుగా వస్తుంది. ప, ఫ, బ, భ అక్షరాలు పలికినప్పుడు నోటి నుంచి గాలి తోసుకొచ్చి మైకులో దబ్‌మని మోగుతుంది. మైకును నోటికి సూటిగా కాక కొంచెం పక్కకు పెడితే, ముందు ఒక జల్లెడ తెర అమర్చితే ఆ ఇబ్బంది పోతుంది. ఇద్దరు మాట్లాడేటప్పుడు ఒకరి గొంతు పెద్దగా, మరొకరిది చిన్నగా ఉంటే శ్రోత ప్రతిసారీ శబ్దం సర్దుకోవలసి వస్తుంది. అందుకే గొంతుల స్థాయి సమం చేయాలి. వేర్వేరు ఊళ్లలో ఉన్నవారు మాట్లాడుకుంటే, ఎవరి గొంతును వారే తమ దగ్గర రికార్డు చేసి తర్వాత కలపడం మంచి పద్ధతి. అప్పుడు ఇంటర్నెట్ తడబాటు గొంతులోకి రాదు.

ఎనిమిదో పాఠం: వినడం. ఎదుటివారితో మాట్లాడించే కార్యక్రమంలో, అడిగేవారు ఎంత బాగా వింటే అంత బాగా జవాబులు వస్తాయి. 2003లో డేవ్ ఐసే న్యూయార్క్‌లోని గ్రాండ్ సెంట్రల్ రైల్వేస్టేషన్‌లో స్టోరీకోర్ అనే చిన్న గది తెరిచారు. ప్రముఖులు అక్కర్లేదు. ఒకరికొకరు తెలిసిన ఇద్దరు మామూలు మనుషులు, తల్లీ కొడుకు, భార్యా భర్త, పాత స్నేహితులు, లోపల కూర్చుని 40 నిమిషాలు మాట్లాడుకునేవారు. ఒకరు అడిగేవారు, మరొకరు చెప్పేవారు. ఆ సంభాషణలు అమెరికా జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో భద్రమయ్యాయి. శ్రద్ధగా వినే మనిషి ఎదురుగా ఉంటే, మామూలు జీవితంలోంచి కూడా అపురూపమైన మాటలు వస్తాయని ఆ గది నిరూపించింది.

అవునో కాదో చెప్పి ఊరుకోగల ప్రశ్నలు సంభాషణను చంపుతాయి. ఎలా జరిగింది, అప్పుడేమనిపించింది, తర్వాత ఏం చేశారు అన్న ప్రశ్నలు దాన్ని నడుపుతాయి. రెండు ప్రశ్నలు కలిపి అడిగితే సులువైనదానికే జవాబు వస్తుంది. రాసుకున్న ప్రశ్నల జాబితా దగ్గరుండవచ్చు, కానీ తర్వాతి ప్రశ్న ఇప్పుడు విన్న జవాబులోంచి పుట్టాలి. ఎదుటివారు ఆగినప్పుడు వెంటనే అందుకోకూడదు. చాలాసార్లు అసలు మాట ఆ మౌనం తర్వాతే వస్తుంది. అతిథికంటే ఎక్కువగా అడిగేవారే మాట్లాడితే శ్రోతకు అన్యాయం జరిగినట్టే.

తొమ్మిదో పాఠం: నిజాయితీ. చెవిలో మాట్లాడే గొంతును శ్రోత స్నేహితుడి మాటలా నమ్ముతారు. ఆ నమ్మకం చెప్పేవారి మీద పెద్ద బాధ్యత పెడుతుంది. దిస్ అమెరికన్ లైఫ్ 2012 జనవరిలో చైనాలోని ఆపిల్ ఉత్పత్తుల కర్మాగారాల గురించి మైక్ డైసీ అనే రంగస్థల కళాకారుడి కథనాన్ని ప్రసారం చేసింది. అందులో ఆయన కళ్లారా చూశానన్న కొన్ని సంగతులు జరగనివని తర్వాత తేలింది. అదే ఏడాది మార్చిలో ఆ కార్యక్రమం ఒక పూర్తి గంటను తప్పును సరిదిద్దడానికే కేటాయించింది. ఏది నిజం కాదో, దాన్ని ఎందుకు పట్టుకోలేకపోయారో వివరించింది. న్యూయార్క్ టైమ్స్ 2018లో వెలువరించిన కాలిఫేట్ పాడ్‌కాస్ట్‌లో ప్రధాన వ్యక్తి చెప్పిన కథ ప్రమాణాలకు నిలవదని 2020 డిసెంబరులో ఆ పత్రికే ప్రకటించి, దానికి వచ్చిన పీబడీ పురస్కారాన్ని తిరిగి ఇచ్చింది. కథ ఎంత బాగుంటే అంత జాగ్రత్తగా సరిచూడాలని ఈ రెండు ఉదంతాలూ నేర్పుతాయి. తెలిసినదాన్ని తెలిసినంతవరకే చెప్పడం, అభిప్రాయాన్ని అభిప్రాయంగా చెప్పడం, ప్రకటనను ప్రకటన అని చెప్పడం, తప్పు దొర్లితే అంతే గట్టిగా దిద్దడం: ఇవి శ్రోత నమ్మకానికి పునాదులు.

పదో పాఠం: క్రమం తప్పకపోవడం. బీబీసీలో 1998లో మొదలైన ఇన్ అవర్ టైమ్ కార్యక్రమంలో ఒక్కో వారం ఒక్కో విషయం మీద ముగ్గురు పండితులు మాట్లాడతారు. ఒక వారం గణితం, మరో వారం చరిత్ర, ఇంకో వారం తత్వశాస్త్రం. విషయాలు కఠినమైనవే. అయినా ఏళ్ల తరబడి అదే రూపంలో రావడంతో శ్రోతకు అది అలవాటైంది. వారానికోసారి అని మాట ఇస్తే వారానికోసారి రావాలి. నెలకోసారే కుదిరితే ఆ సంగతి ముందే చెప్పాలి. ఉత్సాహంతో మొదటి నెలలో పది భాగాలు విడుదల చేసి తర్వాత మాయమయ్యేదానికంటే, నిదానంగా ఏళ్లపాటు సాగే కార్యక్రమమే శ్రోతను నిలుపుకుంటుంది.

చివరి పాఠం: శ్రోత తిరిగి చెప్పే మాట. ఎంతమంది దించుకున్నారన్న లెక్క పాడ్‌కాస్ట్‌లో తేలికగా తెలుస్తుంది. ఎంతమందికి అర్థమైందన్నది ఆ లెక్క చెప్పదు. ఈ విషయంలో భారతదేశంలో జరిగిన ఒక పాత ప్రయత్నం ఇప్పటికీ దారి చూపుతుంది. 1956లో ఆకాశవాణి, యునెస్కో సహకారంతో, పుణె కేంద్రం నుంచి రేడియో గ్రామీణ వేదికలను నడిపింది. అప్పటి బొంబాయి రాష్ట్రంలోని ఐదు జిల్లాల్లో 150 గ్రామాలను ఎంచుకున్నారు. ప్రతి ఊళ్లో కొద్దిమంది రైతులు ఒకచోట చేరి వారానికి రెండుసార్లు కార్యక్రమం వినేవారు. విన్న వెంటనే దాని గురించి చర్చించుకునేవారు. తమ సందేహాలనూ, నిర్ణయాలనూ కేంద్రానికి రాసి పంపేవారు. తర్వాతి ప్రసారాల్లో వాటికి జవాబులు వచ్చేవి. పాల్ న్యూరాత్ అనే సామాజిక శాస్త్రవేత్త ఈ గ్రామాలను వేదికలు లేని గ్రామాలతో పోల్చి చూశారు. రేడియో ఉండి చర్చ లేని ఊళ్లకంటే, విని చర్చించుకున్న ఊళ్లలో జనం ఎక్కువ నేర్చుకున్నారని తేలింది.

ఈ ఫలితం పాడ్‌కాస్ట్‌కూ, తరగతి గదికీ, గ్రామసభకూ, ఆసుపత్రిలో రోగితో జరిపే సంభాషణకూ సమానంగా వర్తిస్తుంది. మాట ఒకవైపు నుంచే సాగితే అది సగం పని చేసినట్టు. శ్రోతల ఉత్తరాలు, ఫోను సందేశాలు, ప్రశ్నలు తెప్పించుకోవాలి. వాటిని చదవాలి, తర్వాతి భాగంలో జవాబివ్వాలి, అవసరమైతే చెప్పే తీరు మార్చుకోవాలి. విన్న మనిషి ఆ విషయాన్ని ఇంట్లోవారికి సొంత మాటల్లో తప్పు లేకుండా చెప్పగలిగితే, ఆ ప్రసంగం నెరవేరినట్టు. చెప్పలేకపోతే లోపం వినికిడిలో లేదు. తయారీలో ఎక్కడో ఉంది. దాన్ని వెతికి సరిదిద్దుకోవడం మాట్లాడేవారి బాధ్యత.